పాత కారు ఎవరి చేతికి చేరుతోంది?

డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్ల ముందు తరచూ కనిపించే దృశ్యం ఇది. గరాజులో కొత్త ఎలక్ట్రిక్ కారు ఉంటుంది. బయట ఎండకు ఎండి, వానకు తడిసి పదిహేనేళ్ల నాటి క్యామ్రీయో అకార్డో నిలబడి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద రంగు వెలిసిన వేంకటేశ్వరస్వామి బొమ్మ, వెనక సీటు మీద పసిపిల్లల సీటు నొక్కుకుపోయిన గుంట. మొదటి ఉద్యోగంలో చేరాక కొన్న కారది. గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నారు. పురిటికి సాయంగా ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ విమానాశ్రయంలో దిగి ఎక్కిందీ అందులోనే. దాన్ని అమ్మడానికి మనసు రాదు, ఉంచుకోవడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే రేడియోలో విన్న ప్రకటన గుర్తొస్తుంది: కారు దానమివ్వండి, మేమే వచ్చి తీసుకెళ్తాం, పన్ను మినహాయింపు పొందండి.

ఫోన్ చేస్తే చాలు, టో ట్రక్కు వస్తుంది. పది నిమిషాల్లో ఇంటి ముందు ఖాళీ అవుతుంది. ఆ కారు తర్వాత ఎవరి చేతికి వెళ్లింది? దానమిచ్చేవారు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది అడగనిదీ ఇదే.

ఆ ప్రశ్నను ఒకప్పుడు అమెరికా ప్రభుత్వమే అడిగింది. అక్కడి కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ 2003 నవంబరులో వాహన దానాలపై ఒక నివేదిక ఇచ్చింది. 2000వ సంవత్సరానికి దాదాపు 7.33 లక్షల మంది పన్ను చెల్లింపుదారులు వాహన దానం కింద మినహాయింపు కోరారని అందులో తేలింది. పరిశీలకులు 54 వాహనాల దారి పట్టుకుని చివరిదాకా వెళ్లి చూశారు. దాతలు చెప్పుకున్న విలువలో 5 శాతమో అంతకన్నా తక్కువో మాత్రమే స్వచ్ఛంద సంస్థకు ముట్టిన సందర్భాలు మూడింట రెండు వంతులు. మిగిలిందంతా వేలంలో పలికిన తక్కువ ధరకు, మధ్యవర్తుల వాటాలకు, ప్రకటనల ఖర్చుకు ఆవిరైంది.

దాంతో 2004లో చట్టం మారింది. 2005 నుంచి, 500 డాలర్లు మించి మినహాయింపు కోరే దాత తన కారు విలువను తానే ఊహించి రాసుకోవడానికి వీల్లేదు. సంస్థ దాన్ని ఎంతకు అమ్మిందో అంతే చూపించాలి. అమ్మకం ధర 500 లోపే ఉంటే 500 డాలర్ల వరకు, కారు అసలు విలువకు మించకుండా చూపుకోవచ్చు. ఇందులో ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉంది. సంస్థ ఆ కారును తన సేవా కార్యక్రమాల్లో గట్టిగా వాడుకున్నా, పెద్ద మరమ్మతు చేసి విలువ పెంచినా, పేద కుటుంబానికి ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చినా దాత పూర్తి మార్కెట్ విలువను చూపుకోవచ్చు. అంటే, కారును ఉన్నపళంగా అమ్మేయకుండా పనికి తెచ్చినప్పుడే పూర్తి గుర్తింపు అని చట్టమే చెబుతోంది.

పన్ను ఆశతోనే కారు ఇచ్చేవారు ఒకసారి లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు మార్కెట్లో 4,000 డాలర్లు పలికే కారు వేలంలో 900కు పోయిందనుకుందాం. చూపించాల్సింది ఆ 900 డాలర్లే. 22 శాతం శ్లాబులో ఉన్న కుటుంబానికి మిగిలేది మహా అయితే 198 డాలర్లు. అది కూడా ఖర్చులను విడివిడిగా చూపించి రిటర్ను వేసేవారికే. 2025లో భార్యాభర్తలు కలిసి వేసే రిటర్నుకు స్టాండర్డ్ డిడక్షనే 31,500 డాలర్లు. అది తీసుకునే కుటుంబానికి కారు దానంతో పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు. డబ్బే కావాలంటే కారు సొంతంగా అమ్ముకోవడం మేలు. దానమే చేయాలనుకుంటే అది అందాల్సినవారికి అందేలా చూడాలి.

అమెరికాలో కారు లేనివాడి బతుకు ఎలా ఉంటుందో మన వీధి చివర ఆటో ఎక్కేవారికి వెంటనే అర్థం కాదు. డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో నాలుగు లక్షల మందికి దగ్గరగా జనం ఉన్నారు. ఆ నగరం ఉన్న ఒక్క బస్సు మార్గాన్నీ 2017 చివర్లో ఆపేసి, పిలిస్తే వచ్చే వ్యాన్లకు మారింది. అలాంటి దేశంలో గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేసే తల్లికి, డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దాయనకు, పాత కారు ఒకటి ఉంటే ఉద్యోగం నిలుస్తుంది, వైద్యం అందుతుంది.

ఈ సంగతి గుర్తించిన సంస్థలు లేకపోలేదు. వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో 1996లో హాల్ కోల్‌స్టన్ గుడ్ న్యూస్ గరాజ్ మొదలుపెట్టారు. దానంగా వచ్చిన కార్లను మెకానిక్కులు బాగుచేస్తారు, అవి తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు వెళ్తాయి. బాల్టిమోర్ ప్రాంతంలో 1999లో మొదలైన వెహికల్స్ ఫర్ చేంజ్ కూడా ఇదే బాట పట్టింది. జైలు నుంచి విడుదలైనవారికి అక్కడే మరమ్మతు పని నేర్పుతుంది. ఒకే కారు ఒకరికి చేతిపని నేర్పి, మరొకరిని పనికి చేరుస్తుంది. వేలానికి పంపే సంస్థలన్నీ చెడ్డవని కాదు. ఆ డబ్బుతో మంచి పనులు చేసేవీ ఉన్నాయి. కానీ రోడ్డెక్కగలిగిన కారును తుక్కు ధరకు వదిలేయడం అన్యాయం.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. తండ్రి యాగం చేసి, ఒట్టిపోయిన ముసలి ఆవులను దానమిస్తుంటే ఆ పిల్లవాడి మనసు కలుక్కుమంది. పాత కారుకూ అదే కొలత. ఇచ్చేది నడవాలి, ఎక్కినవాడికి ప్రమాదం తేకూడదు. 2001 నుంచి 2003 దాకా తయారైన కొన్ని హోండా, అక్యురా కార్లలో పగిలిపోయే టకాటా ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. వాటిని బాగుచేయించేదాకా నడపవద్దని అక్కడి రహదారి భద్రతా సంస్థ 2016లో హెచ్చరించింది. డ్రైవరు వైపు ముందు అద్దం అడుగున పలక మీద 17 అంకెలు, అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే రీకాల్ మిగిలి ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే డీలరు ఉచితంగా సరిచేస్తాడు. కారు ఇచ్చేముందు ఆ పని ఇంటివాళ్లే చేయించాలి.

కాగితాల దగ్గర బద్ధకం పనికిరాదు. టైటిల్ మీద సంతకం పెట్టి, తీసుకునేవారి పేరు ఖాళీగా వదిలేస్తే కారు ఎన్ని చేతులు మారినా పాత యజమాని పేరే తిరుగుతుంది. కాలిఫోర్నియాలో యాజమాన్యం వదులుకున్నట్టు 5 రోజుల్లో మోటారు వాహనాల శాఖకు తెలపాలి. టెక్సస్‌లో బదిలీ సమాచారం 30 రోజుల్లో ఇచ్చేయాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో పాత కారును వృద్ధాశ్రమానికో అనాథాశ్రమానికో ఇచ్చేవారికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఇక్కడ ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, వస్తువులకు కాదు. ఫారం 29, 30 నింపి ఆర్సీని ఆశ్రమం పేరుకు మార్చకపోతే పేచీ తప్పదు. రికార్డుల్లో పేరున్నవాడే యజమాని అనీ, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతడిదేననీ సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

మళ్లీ అమెరికా సంగతికొస్తే, ఏటా ఆగస్టులో అక్కడికి చదువుకోవడానికి వచ్చే తెలుగు విద్యార్థికి పాత కారు ఇచ్చేయడమూ మంచి పనే. దానికి పన్ను మినహాయింపు రాదు, అయినా ఒక పిల్లవాడి దారి తేలికవుతుంది. తానా, ఆటా, నాట్స్ వంటి అక్కడి తెలుగు సంఘాలు మరో అడుగు వేయాలి. కారును నేరుగా పేద కుటుంబాలకు అందించే సంస్థలు ఏ రాష్ట్రంలో ఏవి ఉన్నాయో జాబితా తయారుచేసి సభ్యులకు పంపాలి. ఏటా పన్ను మినహాయింపుకు డిసెంబరు 31 గడువు ముంచుకొచ్చినప్పుడు హడావుడిగా రేడియో నంబరుకు ఫోన్ చేసే కుటుంబాలకు ఆ జాబితా అక్కరకొస్తుంది. ఈలోగా తాళాలు అందించబోయే ప్రతి ఇల్లూ ఫోన్లో ఒక్క మాట అడగాలి: మా కారును మీరు అమ్ముతారా, ఎవరికైనా ఇస్తారా? జవాబు సూటిగా రాకపోతే ఇంకో సంస్థకు ఫోన్ చేయండి.