నీటిమీది సరిహద్దు

రెండు దేశములను విడదీయు హద్దు నేలమీద నున్నయెడల దానిని రాతితోనో కంచెతోనో గుర్తింపవచ్చును. నీటిమీద నున్నయెడల ఆ సౌకర్యము లేదు. పటమునందు గీచిన గీత ప్రవాహమునందు కానరాదు. అయినను ఆ కానరాని గీతను దాటిన పడవవానిని రాజ్యములు నేరస్థునిగా నెంచుచున్నవి. సొంత పడవపై ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవువారికిని, చేపలవేటలో తెలియక ఎల్ల దాటినవారికిని వర్తించు నిబంధనలను గూర్చి నేడు కొంత ప్రస్తావింపదలచితిమి. సముద్రమునకు దూరముననున్న వేములవాడవారికి ఓడరేవుల గొడవ యెందుకని కొందఱు పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు గోదావరియే ప్రత్యుత్తరము. కరీంనగరు, ఆదిలాబాదు మండలముల ప్రజలు ఎనుబదియెనిమిదేండ్లు నీటి సరిహద్దు ప్రక్కనే కాపురముండిరి.

1860 డిసెంబరులో ఇంగ్లీషువారికిని నిజామునకును జరిగిన సంధి ననుసరించి గోదావరి యెడమగట్టున నున్న సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువారి వశమైనవి. అందలి ప్రజల నెవ్వరును సమ్మతి యడుగలేదు. నాటినుండి ప్రాణహితయు, దానిని కలుపుకొని పాఱు గోదావరియు రెండు ప్రభుత్వముల నడిమి హద్దులైనవి. ఈవలి గట్టున కాళేశ్వరము, ఆవలి గట్టున సిరొంచ. భాష యొక్కటి, బంధుత్వము లొక్కటి, దేవుడును ఒక్కడే. మహాశివరాత్రికి రాజరాజేశ్వరుని దర్శింపవచ్చు యాత్రికుడు రేవు దాటినంతనే పరరాజ్యమున అడుగిడినవా డయ్యెను.

ఆ సంధియందే మేలైన నిబంధన యొకటి కలదు. గోదావరిపై సాగు వర్తకమునకు సుంకములు లేకుండ చేయవలెనని ఉభయులును ఒప్పుకొనిరి. ఐరోపాలో రైను నదిపై స్వేచ్ఛగా నౌకలు నడుపవచ్చునను సూత్రమును 1815లో వియన్నా మహాసభ ప్రకటించియుండెను. 1868లో మాన్‌హైము ఒప్పందము దానిని స్థిరపఱచెను. మన గోదావరికి ఆ భాగ్యము అంతకుముందే పట్టినది. కాని యిది ప్రజల మేలుకోరి చేసిన పని యని భ్రమింపరాదు. నాగపురము, బీరారు ప్రాంతముల ప్రత్తిని నదిమీదుగా సముద్రమునకు చేర్చి లంకాషైరు మిల్లుల కందింపవలెనని ఇంగ్లీషువారి యాశ. సర్ ఆర్థరు కాటను ఆ యాలోచనకు ప్రధాన ప్రచారకుడు. దుమ్ముగూడెము, ఎంచంపల్లి, దేవలమర్రి యొద్దనున్న రాతి అడ్డంకులను దాటించుటకై ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టబడినవి. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపురము చేరెను. ప్రత్తికి వేఱు దారి దొరకినది. వ్యయము అధికమగుచున్నదని 1871లో ఆ పనులను విరమించిరి. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని ఆ కథకు సాక్షిగా నిలిచియున్నది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. పాలకులకు అక్కఱ కలిగినప్పుడు నీటి సరిహద్దు ఒక్క వాక్యముతో తెఱచుకొనును. సరకుపట్ల కలిగిన ఆ యుదారత సామాన్య మానవునిపట్ల కలుగుట మాత్రము అరుదు.

1947 ఆగస్టు 15న దేశము స్వతంత్రమైనను హైదరాబాదు సంస్థానము యూనియనులో చేరలేదు. నవంబరు 29న కుదిరిన యథాతథపు టొడంబడిక పేరునకు శాంతిని నిలిపినదే కాని ఎల్లలందు అశాంతి పెరిగినది. సరిహద్దునకు ఆవల చాందా మొదలగు చోట్ల స్టేటు కాంగ్రెసువారు శిబిరములు నెలకొల్పిరి. నిజాము ప్రభుత్వపు కరోడ్గిరి నాకాలు, అనగా సుంకపు ఠాణాలు, సత్యాగ్రహులకును సాయుధ దళములకును గుఱి యైనవి. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక ఇల్లు వాకిళ్లు విడిచి ఎల్లలు దాటిన కుటుంబము లెన్నియో కలవు. ప్రాణభీతితో పాఱిపోవువాని కొఱకు ఏ సరిహద్దు నిబంధనయు వ్రాయబడియుండదు. 1948 సెప్టెంబరు 17తో ఆ దుర్దినములు ముగిసినవి. సిరొంచ నేడు మహారాష్ట్రములోని గడ్చిరోలి మండలమునకు చేరియున్నది. కాళేశ్వరమునుండి అచ్చటికి వంతెన కలదు. దానిమీద పోవు బాటసారిని పాస్‌పోర్టు చూపుమని అడుగువాడు లేడు.

గోదావరిమీద తొలగిన బాధ సముద్రముమీద తొలగలేదు. సొంత నావలో విదేశమునకు పోవు ధనికునికి దారి కొంత స్పష్టముగానే యున్నది. బయలుదేరునప్పుడు రేవు అధికారుల అనుమతి పొందవలెను. నావ రిజిష్టరు కాగితములు, ప్రయాణికుల జాబితా, పాస్‌పోర్టులు, వీసాలు వెంట నుండవలెను. పరదేశపు రేవు చేరగానే పసుపుపచ్చని జెండా నెగురవేసి, మా నావయందు అంటువ్యాధులు లేవు, లోనికి రానిండని తెలుపవలెను. చాలచోట్ల ఆరోగ్య, సుంక, వలస అధికారులు అనుమతించు వఱకు నావికుడు తప్ప తక్కినవారు గట్టున కాలు మోపరాదు. మన దేశమున 1962 నాటి కస్టమ్స్ చట్టము ప్రకారము విదేశమునుండి వచ్చు నౌక మొట్టమొదట నియమిత సుంకపు రేవుననే ఆగవలెను. విదేశీయుల రాకపోకలను గూర్చిన పాత శాసనములను రద్దుచేసి తెచ్చిన క్రొత్త చట్టము 2025 సెప్టెంబరు 1నుండి అమలులోనికి వచ్చినది.

పై కస్టమ్స్ చట్టమునందే ధర్మసమ్మతమైన మినహాయింపు కలదు. ప్రమాదమువలనగాని, తుపానువలనగాని, తప్పించుకొనరాని మఱియే కారణమువలనగాని వేఱొకచోట ఆగిన నౌకను తప్పుపట్టరాదు; దాని యధిపతి సమీపమందలి సుంకాధికారికో పోలీసు అధికారికో వెంటనే తెలిపిన చాలును. గాలికి కొట్టుకొనివచ్చినవాడు దొంగ కాడని మన శాసనకర్త లెఱుగుదురన్నమాట. ఈ వివేకము దేశముల నడుమ కూడ ఏల వ్యాపింపరాదు?

2018 నవంబరు చివర గుజరాతు తీరమునుండి వేటకు పోయిన శ్రీకాకుళం, విజయనగరం మండలముల జాలరులను పాకిస్థాను నావికాధికారులు పట్టుకొనిరి. వీరు కూలికై వేరావలు పోయి పరుల పడవలలో పనిచేయువారు. ఆ ప్రాంతమున సర్ క్రీకు తగవు తీఱలేదు గనుక సముద్రపుటెల్లయు నిశ్చితము కాలేదు. తాము దాటిన గీత యెచ్చట నున్నదో వారికి తెలియదు. అందు 20 మంది 2020 జనవరి 6న వాఘా యొద్ద మన దేశమున అడుగిడిరి. పదమూడు మాసములకు పైగా వారి భార్యాబిడ్డ లేమి తినిరి? అప్పులకు వడ్డీ యెవ్వరు కట్టిరి?

దీని ప్రక్కన మఱియొక దృశ్యము నుంచి చూడుడు. 2023 జనవరి 13న వారణాసినుండి బయలుదేరిన ‘గంగావిలాస్’ అను విలాసనౌక, స్విట్జర్లండు యాత్రికులతో బంగ్లాదేశము గుండా పయనించి, ఫిబ్రవరి 28న అస్సాములోని దిబ్రూగఢు సుఖముగా చేరెను. దీనిని మేము నిందింపము. రెండు దేశములు తలచుకొన్నచో నీటి సరిహద్దును దాటుట ఎంత సులభము కాగలదో ఆ నౌక చూపినది. విలాసయాత్రికునికి కుదిరిన ఏర్పాటు అన్నార్థికి కుదరకుండుట యేమి న్యాయము?

దేశరక్షణ మాట యేమని అడుగువారు కలరు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. 2008 నవంబరులో బొంబాయిపై పడిన ముష్కరులు ‘కుబేర్’ అను మన చేపలపడవనే చెఱపట్టి తీరము చేరిరి. కావున కాపలా సడలింపవలెనని మేము కోరుట లేదు. కాని నిరపరాధిని ఏడాది చెఱలో నుంచుటవలన కాపలా బలపడదు. ఉత్తర అమెరికా మహాసరస్సులపై సొంత పడవలలో తిరుగువారు సరిహద్దు దాటినపుడు టెలిఫోనులో అధికారులకు తెలుపుకొను సౌలభ్యము కలదు. ఎవ్వరు వచ్చిరో, ఎవ్వరు పోయిరో ఆ ప్రభుత్వములకు తెలియుచునే యున్నది. నిబంధన సులభమైనచో సజ్జను డెల్లరును దానిని పాటించును. అప్పుడు పాటింపనివా డెవ్వడో కాపలావానికి తేటపడును. నిబంధన దుర్గమమైనచో సజ్జనుడును దొంగయు ఒక్క గుంపుగా కనబడుదురు.

1982 నాటి సముద్రశాసన ఒప్పందమును భారత పాకిస్థానములు రెండును అంగీకరించినవి. తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వఱకు వ్యాపించు ఆర్థికమండలమున చేపల నిబంధనలను మీఱిన పరదేశీయునికి, ఆయా దేశముల నడుమ వేఱుగా ఒడంబడిక లేనిదే, చెఱసాల శిక్ష విధింపరాదనియు, జామీనుపై పడవను మనుష్యులను వెంటనే విడువవలెననియు దానియందు కలదు. 2008 మే నెలలో కుదిరిన ఒప్పందము ప్రకారము ఏటేట జనవరి 1న, జూలై 1న రెండు దేశములును తమ చెఱలలోనున్న ఎదుటివారి జాబితాలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. జాబితాలు మాఱినంత మాత్రమున మనుష్యులు ఇండ్లు చేరరు. మన చెఱలలోనున్న పొరుగుదేశపు జాలరులకును ఇదియే న్యాయమని చెప్పుటకు మేము సంకోచింపము. మనము కోరు దయను మనమే ముందుగా చూపినయెడల మన కోరికకు బలము హెచ్చును.

కావున మూడు పనులు తక్షణము జరుగవలెను. సరిహద్దు నిబంధనలను, ఆపదలో చేయవలసిన పనులను తేట తెలుగున అచ్చువేయించి తీరగ్రామములందు ప్రభుత్వము పంచిపెట్టవలెను. ఎల్ల దగ్గఱపడగానే హెచ్చరించు యంత్రమును ప్రతి వేటపడవకును ఉచితముగా నమర్పవలెను. దారితప్పిన చిన్న పడవలను అచ్చటనే విచారించి, అనుమానము లేనిచో వెనుకకు మరల్చుటకును, పట్టుబడినవారిని కొలది దినములలో పడవతో సహా అప్పగించుటకును పొరుగుదేశములతో ఒడంబడిక చేసికొనవలెను.

ఇది తీరవాసుల సమస్య యని తెలంగాణము ఉపేక్షింపరాదు. వేములవాడ, సిరిసిల్ల పల్లెలనుండి గల్ఫు దేశములకు పొట్టకూటికై పోవు మనవారును తెలియని భాషలోని కాగితములపై వ్రేలిముద్రలు వేసి చిక్కుల పాలగుచున్నారు. పరదేశపు గుమ్మమున నిలువబడిన పేదవానికి అక్షరము తెలియకుండుటయు గీత కానరాకుండుటయు ఒక్కటే ఆపద. ఒకప్పుడు ప్రత్తిమూటల కొఱకు గోదావరిని తెఱచిన ప్రభువులు పరాయివారు. నేటి ప్రభుత్వము మనది. మన మనుష్యుల కొఱకు అది ఆ మాత్రమైన పూనిక చూపుగాక యని మా యాకాంక్ష.