నిమ్మకాయ సరే, ఆ టిక్కుల సంగతేమిటి?

ఆపరేషన్ థియేటర్ గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిన ఒక ఆస్పత్రి గురించి రాయబోతున్నాను. అయితే మిత్రులు ఊహించే వ్యాసం కాదిది.

మా ఆవిడ కుడి మోకాలి కీలులో మెనిస్కస్ చిరిగింది. ఆర్థ్రోస్కోపీ చేయాలన్నారు. అంటే చిన్న రంధ్రం పెట్టి, సన్నటి గొట్టంలాంటి కెమెరాతో లోపల చూస్తూ చేసే ఆపరేషన్. పొద్దున చేరి సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఆ రోజు శుక్రవారం. పదిన్నరకి టైమున్న మరో పేషెంటు తాలూకు వాళ్ళు, పన్నెండు దాకా రాహుకాలం కనక అప్పటివరకు కత్తి పెట్టనివ్వమని పట్టుబట్టారు. పెద్ద చదువులు చదివిన డాక్టరుగారు సరేనన్నారు. పన్నెండు గంటల మా కేసు ముందుకు జరిగింది. దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? ఒకరికి చేయాల్సిన ఆపరేషన్ ఇంకొకరికి, ఒక కాలికి చేయాల్సింది రెండో కాలికి జరగడానికి తెలిసిన కారణాల్లో ఇలా చివరి నిమిషంలో వరస మార్చడం ఒకటి. మా విషయంలో అదే జరగబోయింది. వార్డుబాయ్ పాత వరస ప్రకారం ఆ రాహుకాలం పేషెంటు ఫైలు తెచ్చి మా ఆవిడ స్ట్రెచర్ మీద పెట్టాడు. అందులో ఉన్నది ఎడమ మోకాలు. ట్రెయినీ నర్సు "మీరు ఫలానాయే కదమ్మా?" అని అడిగితే, మాత్ర మగతలో ఉన్న మనిషి తలూపేసింది.

ఆపింది ఒక పెద్ద నర్సు. "మీ పేరు మీరే చెప్పండమ్మా. ఏ మోకాలో వేలు పెట్టి చూపించండి" అంది. చేతి పట్టీతో ఫైలు సరిచూసి, వెనక్కి పంపింది. డాక్టరుగారిని పిలిపించి, కుడి తొడ మీద మార్కర్‌తో గుర్తు వేయించేదాకా స్ట్రెచర్ కదలనివ్వలేదు. ఆవిడ అడిగిన తీరు చూడండి. "అవునా?" అని అడిగితే భయంలో ఉన్న పేషెంటు దేనికైనా అవుననే అంటారు. పేరు వాళ్ళ నోటితో చెప్పించాలి.

ఈసారి సరైన ఫైలే వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళు రక్షణ ఖాతాల శాఖలో పనిచేసినవాణ్ణి, కాగితం కనిపిస్తే తిరగేయకుండా ఉండలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా పట్టిక అందులో ఉంది. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, పేషెంటును థియేటర్ నుంచి బయటికి పంపే ముందు కొన్ని చూసుకోవాలి. ఆఖరి భాగంలో గాజు గుడ్డలు, సూదులు లెక్క సరిపోయాయా అని ఉంటుంది. సరిపోయాయని టిక్కు, కింద సంతకం! మనిషి ఇంకా బయట స్ట్రెచర్ మీదే ఉంది. మా శాఖలో సరుకు రాకముందే వచ్చినట్టు రసీదు వోచర్ మీద సంతకం పెడితే ఛార్జిషీటు ఇచ్చేవారు.

ట్రెయినీ అమ్మాయిని అడిగాను. "పొద్దున్నే అన్నీ నింపేస్తాం సార్. ఇవాళ తొమ్మిది కేసులు, మేం ఇద్దరమే" అంది. ఆ అమ్మాయిని ఏమనగలం? ఇద్దరితో తొమ్మిది కేసులు లాగిస్తున్న యాజమాన్యాన్ని అనాలి.

ఈ పట్టిక వాడిన ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో (ఢిల్లీ ఒకటి) మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ఒక అధ్యయనం వచ్చింది. మనవాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. 2014లో కెనడాలోని అంటారియో నుంచి మరొకటి వచ్చింది. అక్కడ 101 ఆస్పత్రుల్లో అమలు చేశాక చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీన్ని కూడా చెప్పుకోవాలి కదా? ఎందుకు కనబడలేదన్నదానిపై వాదోపవాదాలు నడిచాయి. చేయకుండానే టిక్కు పెట్టడం ఒక కారణం కావచ్చని చాలామంది అన్నారు. నేను చూసిన ఫైలును బట్టి నాకది ఆశ్చర్యంగా లేదు. చేయని పనికి పెట్టిన టిక్కుకీ, గుమ్మానికి కట్టిన నిమ్మకాయకీ తేడా ఏమిటి? నిమ్మకాయను చూసి కనీసం మనం జాగ్రత్తపడతాం.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి పంపేశారు. చేతిలో ఇంగ్లీషు కాగితం: ఏడు రోజుల తర్వాత రండి, అవసరమైతే ముందే రండి. ఏది అవసరమో ఎవరూ చెప్పలేదు. రాత్రి పదకొండుకి ఆవిడ "ఏమండీ, కుడికాలి వేళ్ళు తిమ్మిరెక్కి చల్లబడ్డాయి" అంది. నడుముకిచ్చిన మత్తు ఇంకా వదల్లేదేమో అనుకున్నాను. అదే అయితే రెండు కాళ్ళూ మొద్దుబారాలి కదా అని తట్టి, ఆటోలో వెనక్కి తీసుకెళ్ళాను. క్యాజువాలిటీ నర్సు చూడగానే కట్టు కోసేసింది. కాసేపటికి వేళ్ళకు రంగొచ్చింది. కట్టు మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. మాత్రలకు తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్ళ తిమ్మిరి, రంగు మారడం, పిక్క వాపు, ఆయాసం వస్తే ఆగకుండా రావాలని ఇంటికి పంపే ముందు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. వేళ్ళు నొక్కి చూడటానికి అర నిమిషం.

ఇది చెబితే మా సంఘంలో ఒక మిత్రుడు, "ఇలాంటివి రాస్తే జనం నాటువైద్యుల దగ్గరికి పోతారండీ" అన్నాడు. నాటుకట్టు బిగిసి కాలు కుళ్ళిపోయిన సంగతులు మనం సభల్లో చెబుతూనే ఉన్నాం. ఆస్పత్రి కట్టు బిగిస్తే మాత్రం రక్తం ఆగదా? తెల్లకోటు చూసి ప్రశ్న మింగేసేవాడు కాషాయం చూసి మాత్రం ప్రశ్నిస్తానంటే నేను నమ్మను.

ఆస్పత్రికి రెండు పేజీల ఉత్తరం రాశాను. ముందే నింపిన పట్టిక, నర్సుల సంఖ్య, తెలుగులో జాగ్రత్తల కాగితం, చివర ఒక్క వాక్యంలో నిమ్మకాయ. పదిహేను రోజులకు జవాబొచ్చింది. మనోభావాలు నొచ్చుకున్నందుకు చింతిస్తున్నారట, నిమ్మకాయ తీసేశారట. మిగతా వాటి గురించి ఒక్క ముక్క లేదు. నిన్న రెండో ఉత్తరం పంపాను, ఈసారి నిమ్మకాయ ఊసెత్తకుండా.