మంచం దిగనివ్వకండి అనొద్దు

పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డాక అమ్మానాన్నలను సొంతూరికి దగ్గర్లోని వృద్ధాశ్రమంలో చేర్చడం తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇప్పుడు వింతేం కాదు. చేర్చేముందు గది చూస్తాం, భోజనం ఎలా ఉంటుందో కనుక్కుంటాం, ఏసీ ఉందా అని అడుగుతాం. రాత్రి రెండింటికి అమ్మ బాత్‌రూమ్‌కు ఎలా వెళ్తుందని మాత్రం అడగం. కాలు జారేది, కళ్లు తిరిగేది తరచూ ఆ పది అడుగుల దూరంలోనే.

పడిపోయారని ఫోన్ రాగానే మనం అనే మొదటి మాట ‘ఇక ఆవిడను మంచం దిగనివ్వకండి’. నిర్వాహకులకూ అదే సులువు. మంచానికి కమ్మీలు, రోజంతా డైపర్, కొన్నిచోట్ల ఒక నిద్రమాత్ర. ఈ పద్ధతి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. నడక మానిన కాళ్లు కొద్ది రోజుల్లోనే సత్తువ కోల్పోతాయి. కమ్మీల మీదుగా దిగబోయి పడితే మరింత ఎత్తు నుంచి పడతారు. నిద్రమాత్ర మత్తులో లేచినవారు తూలకుండా ఎలా ఉంటారు? అమెరికా నర్సింగ్ హోముల్లో (అక్కడ ఆ మాటకు మన వృద్ధాశ్రమం లాంటిదనే అర్థం) పెద్దవాళ్లను కట్టి ఉంచే అలవాటు ఒకప్పుడు బాగా ఉండేది. 1987లో చట్టం చేసి దాన్ని అదుపు చేశారు. అక్కడుంటున్న మన పిల్లలే ఇక్కడ అమ్మను కదలనివ్వొద్దనడం విడ్డూరం.

పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

డాక్టర్‌ను అడగాల్సింది ముందు బీపీ గురించి. పడుకుని ఉండగా ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ అంతకుమించి గానీ తగ్గితే, వేసుకుంటున్న మాత్రలన్నీ ముందుపెట్టి మాట్లాడాలి. ఎక్కువ మూత్రం వచ్చేలా చేసే మాత్రను రాత్రి వేస్తుంటే పగటికి మార్చవచ్చేమో అడగండి.

ఇక ఆశ్రమంలో చూడాల్సినవి: కమోడ్ పక్కన గోడకు గట్టి రాడ్, తడి లేని నేల, అరిగిపోని చెప్పులు. ఇన్వర్టర్ హాల్లో ఫ్యానుకే ఉందా, బాత్‌రూమ్ దారిలో లైటుకూ ఉందా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయే అలాంటి రాత్రులు ఈ తీరానికి కొత్త కాదు.

అన్నిటికంటే ముఖ్యం, రాత్రి మెలకువగా ఉండే ఆయా. పిలవకముందే పడుకునే వేళ ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి బాత్‌రూమ్‌కు తీసుకెళ్తే పెద్దవాళ్లు చీకట్లో తడుముకుంటూ లేచే అవసరం చాలావరకు తప్పుతుంది. దానికి నెలకు కొంత అదనంగా అడిగితే బేరమాడకండి. ఏసీకి కడుతూనే ఉన్నాం కదా.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పడ్డారో పుస్తకంలో రాస్తున్నారేమో కూడా అడగండి. రాసి చూపించిన ఆశ్రమం మీద విరుచుకుపడితే, ఈసారి పడినప్పుడు మనకు ఫోన్ రాదు. రక్తం పలచబడే మందులు వాడుతున్న మనిషి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ సంగతి మనకూ, డాక్టర్‌కూ గంటల్లో కాదు, నిమిషాల్లో తెలియాలి.