గెడ్డ నీటికి లెక్క రాయండి

గూడెం కొత్తవీధిలో బొగ్గు లేదు. అయినా బొగ్గు గనుల నీళ్ల సంగతి ముందుగా చెప్పాల్సింది ఈ మండలం వాళ్లకే, ఎందుకంటే ఇక్కడి కొండల మీదా గనుల కన్ను ఉంది. ఈ కొండల అంచున పారే సీలేరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. దానికి ఎగువనే, బూర్గంపాడు వైపు, కిన్నెరసాని గోదావరిలో పడుతుంది. ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు నేలల నీళ్లు మోసుకొచ్చేది అదే.

గనిలో ఊరిన నీటిని తోడి బయట పోయకపోతే పని సాగదు. ఆ నీటితో బొగ్గు మడ్డి, కరిగిన లవణాలు వస్తాయి. బొగ్గులో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఉంటే, గాలీ నీరూ తగిలి గంధకామ్లం పుడుతుంది. అది రాతిలోని ఇనుమునూ మాంగనీసునూ కరిగించి ఏట్లో కలుపుతుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కనుక మనకు ఆ బెడద అంతగా లేదు. మేఘాలయలో అలా కాదు; అక్కడి జైంతియా కొండల్లో లూఖా నది చలికాలంలో నీలంగా మారింది, చేపలు చచ్చాయి. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియల్లాంటి సన్నని సొరంగాల బొగ్గు గనులను నిషేధించింది. నిషేధంతో తవ్వకం ఆగవచ్చు గానీ, వదిలేసిన బొరియల్లో ఆమ్లం పుట్టడం ఆగదు.

మన గూడెం, చింతపల్లి కొండల నెత్తిన ఉన్నది బొగ్గు కాదు, అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్. ఇక్కడ నీరు గనిలోకి ఊరడం కాదు, గని చేద్దామనుకున్న ఆ పొరే నీళ్ల తొట్టి. వానను పీల్చుకుని, కింది ఖోండలైట్ రాతి అంచుల్లో ఊటలుగా వదులుతుంది. మోటారు అవసరం లేకుండా పైపుల్లో ఊళ్లకు దిగివచ్చే తాగునీరు ఆ ఊటలదే. కాఫీ తోటలకు తడి, పల్లపు వరికి నీరు వాటివల్లే. పైపొర తీసేస్తే వానకు ఎర్రమట్టి గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, జారుతుంది, వేసవికి ఊట ఎండుతుంది. ఎగువ సీలేరులో 240, దిగువన 460 మెగావాట్ల కరెంటు తీసే నీరు ఈ కొండల మధ్య నుంచి పారేదే కదా!

ఈ ముప్పు మనకు కొత్త కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసు తీర్పులో చెప్పింది. ఆ తర్వాత కూడా, 2015 నవంబరులో, జీవో 97తో జెర్రెల, చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకు బాక్సైట్ కోసం ఇచ్చారు. బగత, కోందు, కొండదొర పల్లెలు కదిలాయి. 2019లో జీవో రద్దయింది. ఖనిజం మాత్రం కొండ మీదే ఉంది, దాని మీద కన్నూ అలాగే ఉంది.

పరిహారం మాట వచ్చినప్పుడల్లా భూమిని ఎకరాల్లో, చెట్లను సంఖ్యలో లెక్కిస్తారు. నీటి లెక్క ఎవరూ అడగరు. రేపు గెడ్డ చెడితే, నిన్న బాగుండేదని రుజువు చూపేది ఎలా?

పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)నూ, కాలుష్య నియంత్రణ మండలినీ అడుగుతున్నాను. ప్రతి ఊటనూ వానకీ వేసవికీ పరీక్షించండి. పీహెచ్ 6.5–8.5 మధ్య ఉందా, కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటాయా, ఇనుము ఎంత, ధార ఎంత అని రాసి, గ్రామసభలో అందరికీ అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించండి. ఆ కాగితం నకలు ఊరి దగ్గరే ఉంచండి.