పక్కపిల్ల ఏమంది?

మన బడుల్లో పక్కవాళ్ళతో మాట్లాడటం ఇప్పటికీ నేరమే. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడానికి లీడరు కూడా ఉంటాడు. అలాంటి చోట ఒక కథ చదివి వినిపించి, "ఇప్పుడు ఇద్దరిద్దరు మాట్లాడుకోండి" అనడం చిన్న మార్పేమీ కాదు. ముందు ఎవరికి వారు ఆలోచించుకోవడం, ఆ తరవాత పక్కవారితో చర్చించడం, చివరికి తరగతికి చెప్పడం - 1981లో అమెరికాలో ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు చెప్పగలగాలని మన 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా అంటుంది.

అయితే ఎవరి పక్కన ఎవరు? ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి వెనక బెంచీలో కూర్చుని చూశాను. అబ్బాయి, అమ్మాయి జతగా ఉన్నచోటల్లా లేచి చెప్పింది అబ్బాయే. అమ్మాయి ఊ కొట్టింది. దళితవాడ పిల్లతో జత కుదిరిన ఇంకో పిల్ల పుస్తకాలు సర్దుకుంటూ కాలం గడిపేసింది. ఊళ్ళో ఉన్న అంతరాలన్నీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాయి. మర్నాడు టీచరు ఒక నియమం పెట్టింది: ఎవరూ తమ మాట చెప్పకూడదు, పక్కవారు ఏమన్నారో అదే చెప్పాలి. అబ్బాయిలు తెల్లమొహం వేశారు. వింటే కదా చెప్పడానికి! ఆడవాళ్ళ మాట వినాల్సిన అవసరం ఇంట్లో వాళ్ళకెప్పుడు వచ్చింది గనక?

కథ ఎంపిక కూడా ముఖ్యమే. చివర నీతి రాసిపెట్టిన కథలో చర్చించడానికేం మిగులుతుంది? 'అన్వేషి' 2008లో తెచ్చిన పిల్లల కథల్లో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఉంది. తెల్లవారకముందే పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన దళిత బాలిక, తన మీద చెయ్యి వేసిన భూస్వామిని ఎదిరించి తప్పించుకుంటుంది. ఆ చీకట్లో ఆ పిల్ల ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందన్న ఒక్క ప్రశ్న మీదే పీరియడంతా మాట్లాడుకోవచ్చు. తమ ఇంటి భాషలోనే మాట్లాడుకోనివ్వాలి. మధ్యలో టీచరు యాస దిద్దితే నోళ్ళు మూతపడతాయి.

నా భయమల్లా ఒకటే. "నాకూ ఇలాగే అయింది" అని ఒక పిల్ల పక్కపిల్ల చెవిలో చెప్పవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల ఆ మాటను ఎక్కడ దాచుకుంటుంది? 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన టీచరు పోలీసులకు తెలియజేసి తీరాలి. బడి పరువు పోతుందనో, పెళ్ళి కావలసిన పిల్ల అనో దాచిపెట్టడానికి వీల్లేదు. అందుకని ఇలాంటి కథలే వద్దంటారు కొందరు పెద్దలు. నేనొప్పుకోను. కథ చదవనంత మాత్రాన ఆ పిల్లకు జరిగింది జరక్కపోదు కదా. అయితే కథకు ముందే టీచరు ఒక మాట చెప్పాలి: మనసులో బరువుగా ఉన్నది ఏదైనా ఉంటే విడిగా నా దగ్గరికి రండి, ఎవరికీ చెప్పనని మాటివ్వలేను గాని మిమ్మల్ని ఒంటరిగా వదలను అని. 1098 నంబరు గోడ మీద రాసి ఉండాలి. జంట చర్చ ఎలా జరపాలో టీచర్లకు నేర్పే శిక్షణలోనే ఇదీ నేర్పాలి.