మచ్చలతోపాటు ఇంటి సంగతీ చెప్పండి!

కాళ్లమీద ఎర్రటి మచ్చలు... వేలితో నొక్కినా రంగు తగ్గడం లేదా? చర్మంలోని సన్నటి రక్తనాళాలు వాచి నెత్తురు చిమ్మితే ఇలాగే ఉంటుంది. ఇదే వాస్క్యులైటిస్. కారణం ఏ మందో, ఇన్‌ఫెక్షనో కావచ్చు. అరుదుగా లోపల దాగిన క్యాన్సర్ కూడా కావచ్చు. వెదకాల్సింది ఎక్కడో తేల్చడానికి ఇంటి చరిత్ర డాక్టర్‌కి సాయపడొచ్చు.

తాతకో మేనత్తకో 50 ఏళ్లలోపే పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్ వచ్చిందా? అది వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం ముప్పు. 1895లో ఓ కుట్టుపని మహిళ తనవాళ్లెలా పోయారో అమెరికా డాక్టర్ వార్తిన్‌కి చెప్పడంతోనే దీని ఆచూకీ మొదలైంది. ముందే తెలిస్తే కొలనోస్కోపీతో పేగులోని పిలకల్ని క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు.

పోయినవాళ్ల జబ్బు అడగడం అశుభం కాదు, ఉన్నవాళ్లకి రక్ష!