కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన ఎవరు కూర్చుంటారు?



పోయిన మే నెల చివర అమెరికాలో కార్ల పందెం చూసిన ఫోటోలు గ్రూపులో పెట్టినాను కదా. "గుండ్రంగా తిరిగే కార్లను నాలుగు గంటలు చూడడానికి ఏముందన్నా?" అని ఇద్దరు ముగ్గురు అడిగినారు. "పెట్రోలు దండగ" అని ఒకరు రాసినారు. ఇద్దరికీ జవాబు చెప్తాను. దాంతోపాటు మన సంఘం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

మొదట, స్టాక్ కారు అంటే ఏమి? అంగడిలో అమ్మకానికి పెట్టిన మామూలు కారు అని అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దొంగసారా దాటించే కుర్రవాళ్ళు పోలీసులకు చిక్కకుండా ఉండాలని మామూలు కార్లకే ఇంజను బలం పెంచుకున్నారు. ఎవరి కారు వేగమైనదో తేల్చుకోవడానికి మట్టిదోవల్లో పందేలు పెట్టుకున్నారు. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన డేటోనా బీచ్ ఊరిలో వీటన్నిటికీ ఒక సంస్థ పెట్టినాడు. దాని పేరు నాస్కార్. ఇప్పుడు షెవ్రొలే, ఫోర్డ్, టయోటా అని పేర్లు ఉన్నాయి గానీ అవి అంగడి కార్లు కావు. తలుపులు తెరుచుకోవు, డ్రైవరు కిటికీలోంచి దూరి కూర్చోవాలి. ముందర కనిపించే దీపాలు దీపాలు కావు, అంటించిన బొమ్మలు!

మేము పోయింది నార్త్ కరోలినాలో షార్లెట్ పక్కన కాంకర్డ్ అనే ఊరిలో ఉండే మైదానానికి. మా కూతురు, అల్లుడు షార్లెట్‌లోనే ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది, కానీ ఈ పందేనికి పోయినవాళ్ళు వాళ్ళ స్నేహితుల్లో ఒకరూ లేరు. గుడి, తెలుగు సినిమా, నయాగరా, అంతటితో మన అమెరికా సరి. ఆ సాయంత్రం పందెం పేరు కోకాకోలా 600. చుట్టు ఒకటిన్నర మైలు, 400 చుట్లు, మొత్తం 600 మైళ్ళు. అంటే దాదాపు 966 కిలోమీటర్లు. సాయంత్రం మొదలయి, దీపాల వెలుతురులో రాత్రి ముగుస్తుంది. నాస్కార్ పందేల్లో ఇదే అన్నిటికన్నా పొడుగు. 1960 నుంచి జరుగుతా ఉంది.

మొదటి ఇరవై చుట్లు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అర నిమిషానికి ఒకసారి దాదాపు నలభై కార్లు మన ముందర పోతాయి. ఆ శబ్దం చెవిలో కాదు, ఎదలో వినిపిస్తుంది. చెవుల్లో దూది లాంటివి పెట్టుకోకుండా కూర్చోలేము. ఎవడు ముందు, ఎవడు వెనక అనేది కూడా తెలియదు. వెనక ఒక చుట్టు తప్పిన కారు మనకు అందరికన్నా ముందర ఉన్నట్టు కనిపిస్తుంది. మా అల్లుడు ఫోను చూస్తా ఉన్నాడు.

నా పక్క సీటులో ఒక ముసలాయన, భార్యతో, మనవరాలితో వచ్చి ఉన్నాడు. నేను తల ఇటూ అటూ తిప్పడం చూసి, మెడలో ఉన్న రేడియోకు ఇంకొక హెడ్‌ఫోను తగిలించి నా చేతికి ఇచ్చినాడు. ఇంజను శబ్దంలో మాటలు వినబడవు కాబట్టి ఒక కాగితం మీద రాసి చూపించినాడు. "అన్నీ చూడొద్దు. ఒక్క కారును పట్టుకో." ఆ మాటతో నాకు పందెం తెరుచుకుంది.

ఆ రేడియోలో డ్రైవరు, అతని మనుషులు మాట్లాడుకొనేది మనకూ వినబడుతుంది. మైదానం పైకప్పు మీద ప్రతి కారుకూ ఒక మనిషి నిలబడి "పక్కన ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, ఇప్పుడు దారి ఖాళీ" అని చెప్తానే ఉంటాడు. డ్రైవరుకు పక్కలు సరిగా కనిపించవు, వీడే అతని కళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో పనిచేసినవాణ్ణి కదా, జెండాలు వెంటనే పట్టుకున్నాను. పచ్చ అంటే పో, ఎర్ర అంటే నిలుపు. పసుపు అంటే ఎక్కడో ప్రమాదం జరిగింది, మెల్లగా వరసలో రా, ఎవడూ ఎవడినీ దాటకూడదు. తెల్ల జెండా అంటే ఇంక ఒకే చుట్టు.

పసుపు జెండా పడినప్పుడే ఆట మారుతుంది. పది సెకండ్ల ముందు ఉన్నవాడి లాభం అంతా పోయి, అందరూ మళ్ళీ దగ్గరగా చేరుతారు. అప్పుడు టైర్లు మార్చుకోవాలా, నాలుగూ మార్చాలా, రెండు చాలా, పెట్రోలు ఎంత పోయాలి అనే లెక్క. అయిదుగురు గోడ దాటి దూకి నాలుగు చక్రాలూ మార్చి, పెట్రోలు పోసి, పది పన్నెండు సెకండ్లలో పంపించేస్తారు. ఇంకొకటి, ఎండలో వేడెక్కిన తారు రాత్రికి చల్లబడుతుంది. సాయంత్రం బాగా తిరిగిన కారు తొమ్మిది గంటలకు మాట వినదు. దాన్ని సరిచేసుకోలేనివాడు ఓడిపోతాడు. గుండ్రంగా తిరగడమే కదా అన్న తమ్ముళ్ళకు ఇదే నా జవాబు.

సగం అయిన తరువాత కార్లన్నీ లోపలికి వచ్చి ఇంజన్లు ఆపేసినాయి. ఆ పందెం అమెరికావాళ్ళు చనిపోయిన సైనికులను తలచుకొనే దినానికి ముందురోజు జరుగుతుంది. ప్రతి కారు అద్దం మీద డ్రైవరు పేరు ఉండేచోట ఒక సైనికుడి పేరు ఉంది. అంత శబ్దం తరువాత ఆ నిశ్శబ్దం. పక్కాయన టోపీ తీసి మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. మేమూ లేచి నిలబడినాము.

పెట్రోలు మాట నిజమే, కాదనను. ఇప్పుడు పదిహేను శాతం ఇథనాల్ కలిపినది వాడుతున్నారు, అయినా ఖర్చు ఖర్చే. అయితే మన ఊరి సినిమా మొదటి రోజు కటౌటుకు పోసే పాల లెక్క కూడా పక్కన పెట్టుకొని మాట్లాడదాము.

ఈ ఆట అందరినీ ఇట్లా ఆదరించిందని మాత్రం అనుకోవద్దు. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవరు 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో పందెం గెలిచినాడు. కానీ ట్రోఫీ ఇంకొకరి చేతికి ఇచ్చినారు. లెక్క తప్పిందని తరువాత గంటలకు ఒప్పుకున్నారు, అప్పటికి జనం వెళ్ళిపోయినారు. స్కాట్ 1990లో చనిపోయినాడు. షార్లెట్‌లోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చింది 2015లో. ట్రోఫీ ఆయన కుటుంబం చేతికి వచ్చింది 2021లో. బానిసత్వాన్ని గుర్తుచేసే పాత దక్షిణ రాష్ట్రాల జెండాను మైదానాల్లో నిషేధించింది 2020లో. మన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2010లో వాళ్ళ ట్రక్కు పందేల్లో నడిపినాడు. నాకు హెడ్‌ఫోను దొరకడానికి ముందు ఎంతమంది ఆ సీట్లలో చిన్నబోయినారో మనము లెక్క కట్టలేము. తలుపు తెరవడం ఆలస్యం చేసినవాళ్ళు ఇప్పుడు మనుషుల కోసం కష్టపడుతున్నారు.

ఇప్పుడు మన సంగతి. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చిన తరువాత ఇక్కడి బడుల్లో మొదటి భాష తమిళమే. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, చదవలేరు. అలాంటి జంట ఒకటి కూటానికి వస్తుంది. వేదిక మీద పెద్దలు గంటసేపు గ్రాంథికంలో మాట్లాడుతారు. చేతికి తెలుగులో అచ్చువేసిన కాగితం ఇస్తాము. ఆ అమ్మాయి నోరు తెరిచి నాలుగు మాటలు చెప్తే "ఇది తెలుగా, అరవమా?" అని ఎవరో నవ్వుతారు. ఆ జంట మళ్ళీ రారు. తరువాత "ఈ కాలం పిల్లలకు భాషాభిమానం లేదు" అని మనమే తీర్మానం రాస్తాము.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు స్టేషన్ల పలకల మీద. పక్క బల్ల గుమాస్తా ఒకాయన పాత వారపత్రికలు తెచ్చి ఇచ్చినాడు, నేను తప్పు చదివితే ఒక్కనాడూ నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే ఈ వ్యాసం మీరు చదువుతా ఉండరు.

అందుకని వచ్చే ఉగాదికి మూడు పనులు చేద్దామని నా మనవి. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబం పక్కన ఒక పాత సభ్యుడు కూర్చోవాలి. యాసను ఎగతాళి చేసేవాళ్ళకు మైకు ఇవ్వకూడదు. పద్యాలూ పాటలూ తెలుగు లిపిలో ఒక పక్క, తమిళ లిపిలో ఒక పక్క అచ్చువేయాలి. మూడోదానికి కొందరు ఒప్పుకోరని తెలుసు. తమిళ లిపి ఇస్తే తెలుగు లిపి ఎవరు నేర్చుకుంటారు అంటారు. ముందు పాట నోటికి రానీండి, లిపి మీద ఆశ దాని వెనకే వస్తుంది. నోరే తెరవనివాడికి లిపి ఎందుకు?

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. ఆదివారం కూటంలో మాట్లాడుకుందాము.